హుతైబ్ కొండ మీద పప్పన్నం

యెమెన్‌లో ఊరు దాటాలంటే విదేశీయులకు తస్రీహ్ ఉండాలి. ఏ దారిన ఎక్కడికి పోతున్నామో రాసి ముద్ర వేసిన కాగితం అది. దానికి బోలెడు జిరాక్సులు తీయించుకోవాలి, దారిలో ప్రతి చెక్‌పోస్టు వాడూ ఒకటి పుచ్చుకుంటాడు కాబట్టి. చదవడు. మడిచి జేబులో పెట్టుకుని, నోట్లో ఉన్న ఖాత్ ఆకు (హుషారు కోసం నమిలేది) ముద్దని ఇటు బుగ్గ నుంచి అటు బుగ్గకి జరిపి, పొమ్మని చెయ్యి ఊపుతాడు. నేను సనాలో ఉద్యోగం చేసిన రోజుల సంగతి ఇది, యుద్ధానికి చాలా ముందు, 2008లో. ఎక్కడికి బయల్దేరినా సగం చిరాకు ఈ కాగితాల దగ్గరే పుట్టేది. హరాజ్ కొండలకు బయల్దేరిన పొద్దున జిరాక్స్ షాపువాడు నా మొహం చూసి కాపీకి రెట్టింపు చెప్పాడు. ఇచ్చాను. తెల్లవారుజామున తెరిచి ఉన్నది వాడొక్కడే.

హరాజ్ ఉండేది హొదైదా రేవుకి పోయే దారిలో. అటు పోవడానికి బీజోలే గతి. వెనకాల మూడో వరస సీటు కూడా ఉండే పాత ప్యూజో కార్లు. మనుషులు నిండితే గాని కదలవు. ముందు సీట్లో ఇద్దరు కూర్చోవాలి, నాకు గేరు పక్కన చోటు దొరికింది. గేరు మార్చినప్పుడల్లా డ్రైవరు నా మోకాలికి క్షమాపణ చెప్పేవాడు, మర్యాదస్తుడు. టికెట్ ఐదు వందల రియాళ్లు. నా పక్కాయన మూడు వందలే ఇచ్చాడని దిగాక తెలిసింది.

ఆ రోడ్డు 1960ల మొదట్లో చైనా వాళ్ళు వేసింది. సనా పొలిమేర దాటుతుంటే కొండవాలులో వాళ్ళ సమాధులు కనిపిస్తాయి, ఆ పనిలో ప్రాణాలు పోయిన ఇంజినీర్లవీ కూలీలవీ. రోడ్డు చూస్తే అర్థమవుతుంది ఎందుకు పోయాయో. సనాయే సముద్రమట్టానికి 2,200 మీటర్ల పైన ఉంటుంది. అక్కడి నుంచి ఇంకా పైకెక్కి, అరేబియా మొత్తంలో ఎత్తైన నబీ షుఐబ్ శిఖరం (3,666 మీటర్లు) పక్కగా పోయి, ఆ తర్వాత ఒక్కసారిగా లోయలోకి జారుతుంది. డ్రైవరు అప్పుడే కొత్త కట్ట విప్పి ఒక్కో లేత ఆకూ ఏరుకుంటున్నాడు. స్టీరింగ్ మోచేతులకు వదిలేశాడు.

హరాజ్ ఎందుకు పచ్చగా ఉంటుందో ఈ దిగుడులోనే తెలుస్తుంది. పడమట ఎర్ర సముద్రం, దాని ఒడ్డున తిహామా అనే చదును నేల, ఉడికిపోయే వేడి. అక్కడి నుంచి తూర్పుకి వంద కిలోమీటర్లు రాకముందే నేల మూడు వేల మీటర్ల దాకా గోడలా లేస్తుంది. సముద్రం మీంచి వచ్చే తడి గాలి ఆ గోడ ఎక్కలేక చల్లబడి మంచుగా, వానగా దిగిపోతుంది. వసంతంలో కొంత, జులై నుంచి సెప్టెంబరు దాకా మరికొంత. ఉత్తరాన సుర్దుద్ వాగు, దక్షిణాన సిహామ్ వాగు ఆ నీటిని మళ్ళీ తిహామాకే మోసుకుపోతాయి. ఈ రెండు వాగుల మధ్య నిక్కిన కొండల గుంపే హరాజ్.

వాన ఉంటే చాలదు, మట్టి నిలవాలి. కొండ పాదం నుంచి నెత్తి దాకా రాతి గోడలు పేర్చి మెట్లు మెట్లుగా మడులు కట్టారు. కొన్ని మడులు ఎంత సన్నగా ఉంటాయంటే అడ్డంగా ఒక మనిషి పడుకుంటే కాళ్ళు బయటికొస్తాయి. పై మడి నిండాక నీరు కింది మడికి దిగుతుంది. పైన ఒక గోడ కూలితే కిందివన్నీ వరసగా కొట్టుకుపోతాయి, మన గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు తెగితే కింది చెరువులకు పట్టే గతే. అందుకే అక్కడ రైతు పనిలో సగం తాపీ పని. ఊళ్ళు మాత్రం ఎప్పుడూ పంట పండని బండల మీదే ఉంటాయి. శత్రువు ఎక్కి రాలేడు, జానెడు మట్టి కూడా ఇంటి కింద వృథా కాదు. నాలుగైదు అంతస్తుల రాతి ఇళ్ళు, ఒకదాని వీపుకి ఒకటి ఆనుకుని బయటి నుంచి కోటగోడలా కనిపిస్తాయి. అడుగు అంతస్తులో మేకలూ ధాన్యమూ, పైన మనుషులు, అన్నిటికంటే పైన కిటికీల గది, మగవాళ్ళు మధ్యాహ్నాలు కూర్చుని ఖాత్ నమలడానికి.

మగ్రబా దగ్గర మెయిన్ రోడ్డు వదిలి మనాఖాకి ఎక్కాలి. మనాఖా గురించి చెప్పడానికి పెద్దగా లేదు. టర్కీ వాళ్ళు దండు పెట్టిన ఊరు, ఇప్పుడు సంత ఊరు. నేను దిగిన హోటల్లో రాత్రి భోజనమయ్యాక పనివాళ్ళే జంబియా కత్తులు తీసి నాట్యం చేశారు. జర్మన్ టూరిస్టులు చప్పట్లు కొట్టారు, నాకు నిద్ర పట్టలేదు, బిల్లులో మాత్రం ఆ నాట్యం చేరింది. మర్నాడు హజ్జరా చూశాను. అప్పట్లో ఫొటోల్లో చూసి అందరూ వచ్చే ఊరు అదే. లోయ అంచున నిలబెట్టినట్టున్న ఇళ్ళు, లోపలికి ఒకటే ద్వారం. బాగుంది. పిల్లలు "ఖలం, ఖలం" అంటూ పెన్నుల కోసం చొక్కా పట్టుకు లాగుతుంటే మాత్రం ఎంతసేపు చూడగలం.

నాకు అసలు హరాజ్ మీద ఆసక్తి పుట్టింది అలీ అల్ సులైహీ కథ చదివాక. ఇతను ఈ కొండల్లోనే ఒక సున్నీ ఖాజీ కొడుకు. ఇస్మాయిలీ (షియాల్లో ఒక శాఖ) గురువొకాయన, సులైమాన్ అల్ జవాహీ, కుర్రవాడిలో ఏదో చూసి రహస్యంగా తన విద్యంతా నేర్పి, పోతూ పోతూ పుస్తకాలు కూడా ఇతనికే రాసిచ్చాడు. కైరోలో అప్పుడు ఇస్మాయిలీలే అయిన ఫాతిమీ ఖలీఫాల ఏలుబడి. వాళ్ళ తరఫున ప్రచారం చేసే దాయీలు యెమెన్‌లో అడుగుపెట్టి అప్పటికే నూట యాభై ఏళ్ళు దాటింది. అలీ బయటికి చేసిన పని ఏమిటంటే హజ్ యాత్రికులకు దారి చూపించడం. పదిహేనేళ్ళు ఏటా బిడారుని మక్కాకి నడిపించాడట. 1047లో అరవై మందితో హరాజ్‌లోని మసార్ శిఖరం ఎక్కి జెండా ఎత్తాడు. మిట్టమధ్యాహ్నం కాకముందే కొండ చుట్టూ ఇరవై వేల కత్తులు మూగాయని పాత చరిత్రకారుడు ఉమారా రాశాడు. దిగిరా, లేకపోతే ఆకలితో చస్తావన్నారు. ఇతను, మీ కొండ ఇంకెవడూ ఆక్రమించకుండా కాపు కాస్తున్నాను, వద్దంటే దిగిపోతాను అన్నాడు. వాళ్ళు నమ్మి వెళ్ళిపోయారు. నెల తిరిగేసరికి కొండ మీద కోట లేచింది. 1063 నాటికి యెమెన్ అంతా అతనిదే. పదిహేనేళ్ళ టూరిస్ట్ గైడ్ అనుభవం ఎక్కడ పనికొచ్చిందో చూడండి. అన్ని తెగలూ, అన్ని దారులూ, ఎవడికి ఎవడంటే పడదో, అంతా తెలుసు అతనికి.

మసార్ ఎక్కడా అని పికప్ డ్రైవర్ని అడిగాను. గడ్డం ఎత్తి ఒక వైపు చూపించాడు. అక్కడ పదిహేను శిఖరాలున్నాయి.

ఈ పికప్ నేను హుతైబ్‌కి మాట్లాడుకున్నది. మనాఖా నుంచి ఆరు కిలోమీటర్లే, మూడు వేలు అడిగాడు. ఆరు కిలోమీటర్లకి మూడు వేలా అంటే, వెళ్ళాలి, ఆగాలి, రావాలి, పైగా అక్కడ ఖాత్ దొరకదు అన్నాడు. ఖాత్ దొరకకపోతే నాకేంటి? దారి పొడుగునా అదే గోల. ఈ బోహ్రాలు (మన దేశంలో ఎక్కువగా ఉండే ఇస్మాయిలీ శాఖ వాళ్ళు) వచ్చి ఖాత్ చెట్లు పీకించేశారు, కాఫీ పెట్టించారు, కాఫీ ఏడాదికోసారి కాస్తుంది, ఖాత్ అయితే నీళ్ళు పెట్టినప్పుడల్లా చిగురేసి డబ్బిస్తుంది అని లెక్కలు చెప్పాడు. లెక్క తప్పేం కాదు. కాకపోతే ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో చెప్పలేదు. సనా చుట్టూ బావులు ఏటికేడు లోతుకి పోతున్న రోజులవి. మా ఆఫీసుకే నీళ్ళ ట్యాంకరు వచ్చేది.

హుతైబ్ నిజంగానే వేరుగా ఉంది. ఎర్రటి బండ మీద ఊరు, శుభ్రమైన రాళ్ళు పరిచిన దారి, చుట్టూ కిందికి దిగిపోయే మడుల్లో కాఫీ మొక్కలు. మధ్యలో తెల్లగా మెరుస్తూ గుమ్మటం. ఎదురుగా నిటారుగా ఒక రాతి గుట్ట, దాని నెత్తిన చిన్న మసీదు, పైదాకా మెట్లు. నేను తిన్నగా గుమ్మటం వైపు నడిచాను. గేటు దగ్గర కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. లోపల ఉన్నది బోహ్రాల మూడో దాయీ, అంటే మతపెద్ద, హాతిమ్ సమాధి, బోహ్రాలు కానివాళ్ళకు ప్రవేశం లేదు. బయటి నుంచి చూస్తానన్నాను. బయటి నుంచి చూస్తూనే ఉన్నావు కదా అన్నాడు. న్యాయమే. అయినా మూడు వేలు గుర్తొచ్చి, పక్కకొచ్చి తెలుగులో గొణుక్కున్నాను, రాయదగ్గ మాటలు కావు.

"తెలుగోళ్ళా?"

అరుగు మీద ఒక పెద్దావిడ. గులాబీ రంగు రిదా (బోహ్రా ఆడవాళ్ళు వేసుకునే బురఖా లాంటిది), అంచులకి లేసు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. నేను నోరు తెరిచే లోపే, "గట్ల తిట్టకు బేటా. దర్గా ఉన్నది ఈడ. గది మా వాళ్ళకే, ఎవర్నీ పోనియ్యరు. కోపం చేస్కోకు" అంది.

సికింద్రాబాద్ వాళ్ళట. భర్తకు రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ దుకాణం, ఇల్లు మోండా మార్కెట్ వెనకాల. తెలుగు అక్కడి ఇరుగుపొరుగుతో, కూరగాయలమ్మేవాళ్ళతో వచ్చిందట. హైదరాబాద్, సూరత్, కరాచీ నుంచి వచ్చిన యాత్రికులు కలిసి ఇక్కడి ముసాఫిర్ఖానాలో దిగారు. భర్త గుట్ట ఎక్కుతున్నాడు, ఈవిడకి మోకాళ్ళ నొప్పులు, కింద ఉండిపోయింది. మాట్లాడే మనిషి దొరక్క అప్పటికే విసుగ్గా ఉన్నట్టుంది. నాకు గంటకు పైగా క్లాసు పీకింది.

నాకు తెలిసిన కథ మసార్ కోట దగ్గర ఆగిపోయింది. ఆవిడ కథ అక్కడే మొదలైంది. "మౌలాతునా హుర్రతుల్ మలేకా" అని పేరెత్తుతూనే చెయ్యి నుదుటికి తాకించుకుంది. అర్వా రాణి. పుట్టింది ఈ హరాజ్‌లోనే, చిన్నప్పుడే తండ్రి పోతే సనా కోటలో పెంచారు, అలీ సులైహీ కొడుకు ముకర్రమ్‌కి ఇచ్చి పెళ్ళి చేశారు. ముకర్రమ్‌కి పక్షవాతం వచ్చి రాజ్యం ఈమె చేతికి వచ్చింది. "మన రుద్రమ్మ ఉండె గదా, గట్ల. కానీ రుద్రమ్మ కన్నా ముందు." ముందే, నూట యాభై ఏళ్ళకు పైగా ముందు.

సనా వదిలి జిబ్లాకి రాజధాని ఎందుకు మార్చిందో ఆవిడ చెప్పిన తీరు నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు, విషయం మాత్రం ఉమారా రాసిందే. "ఆమె మొగుడ్ని అడిగింది, సనా జనాన్నంతా పిలువు, చూద్దామని. వచ్చిన్రు. కిందికి చూస్తే ఏమున్నది? కత్తులు, బల్లాలు మెరుస్తున్నయ్. తర్వాత జిబ్లా పోయి ఆడ జనాన్ని పిలిచిన్రు. ఒకడు గొర్రెను గుంజుకొస్తుండు, ఒకడు నెయ్యి కుండ తెస్తుండు, ఒకడు తేనె. ఆమె అన్నది, గీళ్ళ నడుమ బతుకుడు మంచిగుంటది గదా అని." శుక్రవారం నమాజు దగ్గర చేసే ప్రసంగంలో, ఖుత్బాలో, ఆమె పేరు చదివేవారు. తొంభై ఏళ్ళు బతికి 1138లో పోయింది, సమాధి జిబ్లాలో తాను కట్టించిన మసీదులోనే. అక్కడికి నిన్ననే పోయి వచ్చారట వీళ్ళు.

ఆమె చేసిన పెద్ద పని చివరి ఏళ్ళది. 1130లో కైరోలో ఖలీఫా ఆమిర్‌ని హత్య చేశారు. పసికొడుకు తయ్యిబ్ కనిపించకుండా పోయాడు, బంధువొకడు గద్దెనెక్కాడు. అర్వా కైరోకి తల వంచలేదు. పసివాడే మా ఇమాం, ఆయన కంటికి కనపడకపోయినా సరే అంది. ఇమాం మరుగున ఉన్నంతకాలం ఆయన బదులు నడిపించడానికి ఒక దాయీని నియమించింది. రాజ్యం ఒక దారి, మతం ఒక దారి అని అప్పుడే విడగొట్టింది. ఆమెతోనే సులైహీ రాజ్యం పోయింది, దాయీల వరస మాత్రం ఆగలేదు. మూడో ఆయన హాతిమ్. కౌకబాన్ కోట పట్టి, సనా సుల్తాన్‌తో తలపడి నిలవలేక, చివరికి ఈ హుతైబ్ గుట్ట మీద స్థిరపడ్డాడు. కింద గుహలో కూర్చుని చదువు చెప్పేవాడట, హింద్ నుంచీ సింధ్ నుంచీ విద్యార్థులు వచ్చేవాళ్ళట. అదే కాలంలో ఈజిప్టు ఏలిన సలాహుద్దీన్‌కి అన్న అయిన తూరాన్ షా దండెత్తి వచ్చి (1173-74) ఆ సనా సుల్తాన్ల పనీ పట్టాడు. సుల్తాన్ల కోటలు మొండిగోడలయ్యాయి. రాజ్యం లేని ఈ పంతులుగారు 1199లో ఇక్కడే పోతే, నేను వెళ్ళిన రోజుల్లో కూడా రాణిగంజ్ నుంచి జనం విమానమెక్కి వచ్చేవాళ్ళు.

హైదరాబాద్‌లో అరబ్బులనగానే బార్కస్ గుర్తొస్తుంది మనకు. వాళ్ళ మూలాలు హద్రమౌత్‌లో, ఇక్కడికి చాలా తూర్పున. నిజాం సైన్యంలో పనికి అక్కడి నుంచి మన వైపు వచ్చారు. హరాజ్ దారి దానికి వేరు. ఇక్కడి నుంచి మతం గుజరాత్ వెళ్ళింది, ఖంభాత్ రేవులో 11వ శతాబ్దంలోనే దిగిందని బోహ్రాల సంప్రదాయం. 24వ దాయీ యూసుఫ్ గుజరాత్‌లోని సిద్ధపూర్ మనిషి. 1567లో ఆయన యెమెన్‌లో పోయాక 25వ ఆయనతో గద్దె అహ్మదాబాద్ చేరింది. నేను వెళ్ళినప్పటికి 52వ దాయీ ముంబైలో ఉన్నారు. అంటే ఈ కొండ వాళ్ళ మఠం ఎప్పుడో మన దేశానికి మారిపోయింది. ఈ ఊళ్ళో కాఫీ వెయ్యాలా ఖాత్ వెయ్యాలా అన్నది అప్పట్లో ముంబై మాట మీద నడిచేది. నా పికప్ డ్రైవర్ కోపానికి అసలు చిరునామా అక్కడుంది.

ఆవిడ భర్త దిగొచ్చాడు. బంగారు అంచు తెల్ల టోపీ, చెమట. ఆయనకి తెలుగు రాదు, హైదరాబాదీ ఉర్దూలో "ఖానా ఖాకే జావ్ మియా" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. ఆడవాళ్ళ వరస వేరే గదిలో. నేల మీద గుడ్డ, దాని మీద చిన్న కంచు పీట, పీట మీద బండి చక్రమంత పళ్ళెం. దాని చుట్టూ ఎనిమిది మందిమి. ఒకాయన చెంబుతో అందరి చేతులూ కడిగించాడు. ముందు చిటికెడు ఉప్పు నాలుకకి అద్దుకోవాలి. ఆ వెంటనే తీపి, తర్వాత కారం, మళ్ళీ తీపి, మళ్ళీ కారం. ఒకే పళ్ళెంలో తెలియని వాళ్ళతో చెయ్యి కలపడం నాకు మొదట ఇబ్బందిగానే ఉంది. కరాచీ ఆయన తన వైపు ఉన్న మెత్తటి ముక్కని నా వైపు తోశాక అది పోయింది. ఆఖర్న దాల్ చావల్ పలీదూ వచ్చింది. అన్నం మీద గట్టి పప్పు, దాని మీద పల్చటి చారు. నెలల తరబడి సల్తా అనే యెమెనీ పులుసు మీద తేలే మెంతి నురగ తిని నాలుక చచ్చిపోయి ఉంది. కందిపప్పు వాసన తగలగానే మాట్లాడటం మానేశాను. సూరత్ కుర్రాడెవడో నవ్వి ఇంకో గరిటె వేయించాడు. గింజ మిగలకూడదు, అది నియమం. మిగల్చలేదు. డబ్బులివ్వబోతే వాళ్ళకి కోపమొచ్చింది.

భోజనమయ్యాక గుట్ట ఎక్కాను. మెట్లు నిటారుగా ఉంటాయి, ఆ ఎత్తులో పదేసి మెట్లకి ఊపిరి ఆడదు. పైనుంచి చూస్తే ఎటు చూసినా కొండ నెత్తిన ఊరు, ఒక ఊరికి ఇంకో ఊరు కనపడేలా. హాతిమ్ ఇక్కడికే ఎందుకొచ్చాడో చెప్పడానికి చరిత్రకారుడు అక్కర్లేదు. లోయలో ఒక గాడిద కదిలినా తెలుస్తుంది. పడమటి వైపు మబ్బు పైకెక్కడం మొదలైంది, పావుగంటలో గుమ్మటం కనపడకుండా పోయింది. జారతానేమోనని దిగిపోయాను.

కింద నా డ్రైవరు ఇంజిన్ ఆన్ చేసి హారన్ కొడుతున్నాడు. ఖాత్ టైము దాటిపోయిందట, ఆలస్యానికి ఇంకో వెయ్యి, మొత్తం నాలుగు వేలు అన్నాడు. నేను వాదిస్తుంటే రాణిగంజ్ ఆయన వచ్చి మధ్యలో నిలబడ్డాడు. ఆయన అరబ్బీ అంతా ప్రార్థనల అరబ్బీ, బేరానికి పనికిరాదు. వేళ్ళు చూపించాడు, తల అడ్డంగా ఊపాడు, నా చెయ్యి పట్టుకుని వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులు నడిపించాడు, వెనక్కి తిరిగాడు. రెండు వేలకి తెగింది. డ్రైవరు ఆయన భుజం తట్టి నవ్వాడు కూడా. యెమెన్‌లో నేను చేసిన బేరాల్లో ఎవడూ నవ్వింది లేదు.

బండి ఎక్కుతుంటే ఆవిడ అరుగు మీంచి కేకేసింది. "సికింద్రాబాద్ వస్తే దుకాణంకు రా బేటా. చాయ్ తాగిపిస్తం. రేటు మాత్రం తగ్గియ్యం."